చనిపోయిన బిడ్డ ఫైలు పోలీసులది, బతికున్న బిడ్డ ఫైలు మీ నాయికది

మీ నవల గురించి మీరు అడిగినది ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, నా జవాబంతా దాని మీదే నడుస్తుంది కాబట్టి. కడప వైపు ఒక చిన్న పట్నం. తల్లి ఇంటిపనికి కువైట్ వెళ్తూ, ఆరేళ్ల కూతురినీ నాలుగేళ్ల కొడుకునూ తన అక్క ఇంట్లో వదిలి వెళ్లింది. ఒక సాయంత్రం ఆ పాప ఇంటి ముందున్న నీళ్ల సంపులో శవమై కనిపించింది. ఆడుకుంటూ జారిపడిందని పెద్దమ్మ చెప్పింది, పోలీసులు అదే రాసుకున్నారు. జిల్లా కార్యాలయంలో సోషల్ వర్కర్‌గా పనిచేసే మీ నాయికకు అనుమానం వచ్చి, ఇరుగుపొరుగును విచారిస్తుంది, డాక్టరు దగ్గర శవపరీక్ష నివేదిక సంపాదిస్తుంది, పెద్దమ్మ ఇల్లు సోదా చేస్తుంది, చివరికి నిజం బయటపెడుతుంది. ఇది నిజంగా జరిగే పనేనా, కాకపోతే ఎక్కడ మార్చుకోవాలి అన్నది మీ ప్రశ్న.

నేను ఈ పనిలో 23 ఏళ్లు ఉన్నాను. పదకొండేళ్లు ఒక స్వచ్ఛంద సంస్థలో, తొమ్మిదేళ్లు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో, చివర మూడేళ్లు, సంరక్షణ అవసరమైన బిడ్డ ఎక్కడ ఉండాలో తేల్చే బాలల సంక్షేమ సమితి సభ్యురాలిగా పనిచేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీరు రాసుకున్న పద్ధతిలో అది జరగదు. సోషల్ వర్కర్‌కు ఇల్లు సోదా చేసే అధికారం లేదు, ఎవరినైనా పిలిపించి విచారించే అధికారం లేదు, శవపరీక్ష నివేదిక ఆమె చేతికి ఇవ్వవలసిన బాధ్యత డాక్టరుకు లేదు. ఆమె అలా చేసినట్లు రాస్తే ఈ రంగం తెలిసిన పాఠకులు అక్కడే పుస్తకం మూసేస్తారు. అయితే చట్టం ఆమెకు మరొక తలుపు తెరిచి ఉంచింది. మీ కథలో ఆ తలుపు ఇప్పటికే ఉంది, మీరు దాన్ని గమనించలేదు. అది ఆ నాలుగేళ్ల తమ్ముడు.

ముందు మరణం సంగతి చూద్దాం. అసహజంగా ఎవరు చనిపోయినా స్టేషన్ అధికారి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 194 కింద శవ పంచనామా చేస్తారు. 2024 జూలై 1కి ముందు జరిగిన కథ అయితే అది పాత నేర విచారణ స్మృతిలోని సెక్షన్ 174 అవుతుంది. మీ కథ ఏ సంవత్సరంలో జరుగుతుందో తేల్చుకుని ఆ అంకె సరిచూసుకోండి. ఆ చుట్టుపక్కల పెద్దమనుషులు ఇద్దరు లేదా అంతకు మించి ఎదురుగా ఉండగా శవం ఉన్న స్థితి, గాయాలు, మరణానికి తోచిన కారణం రాసి సంతకాలు తీసుకుంటారు, ఆ నివేదికను 24 గంటల్లో పైకి పంపుతారు. ఇందులో సోషల్ వర్కర్‌కు ఎక్కడా చోటు లేదు. చనిపోయిన బిడ్డ మీద ఆమెకు ఏ అధికారమూ లేదు. ఈ మాట ఎంత కఠినంగా ఉన్నా మీ నవలకు ఇదే పునాది కావాలి.

ఇప్పుడు తమ్ముడి దగ్గరకు రండి. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో, సంరక్షణ అవసరమైన బాలలు ఎవరో నిర్వచించే సెక్షన్ 2(14)లో ఒక ఉపవాక్యం ఉంది. ఒక బిడ్డ ఎవరితో కలిసి ఉంటున్నదో ఆ మనిషి మరొక బిడ్డను చంపి గానీ, హింసించి గానీ, నిర్లక్ష్యం చేసి గానీ ఉండి, ఈ బిడ్డకూ అదే గతి పట్టే అవకాశం సహేతుకంగా కనిపిస్తే, ఈ బిడ్డ సంరక్షణ అవసరమైన బిడ్డ అవుతుంది. ఈ వాక్యాన్ని నెమ్మదిగా రెండుసార్లు చదవండి. తమ్ముడు ఆ ఇంట్లో క్షేమంగా ఉంటాడా లేదా అన్నది తేల్చడం మీ నాయిక ఉద్యోగ ధర్మం. అక్క ఎలా చనిపోయిందో తెలుసుకోకుండా అది తేల్చడం ఆమెకు సాధ్యం కాదు. హత్య కేసును ఆమె దర్యాప్తు చేయడం లేదు, చేయకూడదు కూడా. బతికున్న బిడ్డ గురించి అడిగే ప్రతి ప్రశ్న చనిపోయిన బిడ్డ దగ్గరకే దారి తీస్తుంది, అంతే. అపరాధ పరిశోధన నవలకు ఇంతకంటే మంచి ఇరకాటం దొరకడం కష్టమని నా అభిప్రాయం.

ఈ దారిలో వెళితే మీకు కాలపరిమితి కూడా దొరుకుతుంది. పిల్లవాణ్ని సంక్షేమ సమితి ముందు 24 గంటల్లో హాజరుపరచాలి, ప్రయాణ కాలం అందులో లెక్కలోకి రాదు. ఆ వయసు పిల్లలను మన జిల్లాల్లో సాధారణంగా శిశు గృహలో ఉంచుతారు. అదే చట్టం సెక్షన్ 36 ప్రకారం సాంఘిక విచారణ, అంటే బిడ్డ ఇంటి పరిస్థితుల పరిశీలన, 15 రోజుల్లో పూర్తి చేయాలి, మొదటిసారి హాజరుపరచిన నాటి నుంచి నాలుగు నెలల్లోగా సమితి తుది ఉత్తర్వు ఇవ్వగలగాలి. ఆ పదిహేను రోజులు మీ నవలకు చక్కని చట్రం. పదిహేనో రోజు ముగిసేలోగా ఆమె నివేదిక ఇవ్వాలి, అందులో ఒక సిఫారసు ఉండాలి, ఆ సిఫారసు తప్పయితే నాలుగేళ్ల పిల్లవాడు అదే ఇంటికి తిరిగి వెళ్తాడు. హంతకుడు తప్పించుకుంటాడేమో అన్న ఆత్రుత కన్నా, ఈ పిల్లవాణ్ని ఎక్కడికి పంపుతారో అన్న ఆత్రుత పాఠకుణ్ని ఎక్కువగా పట్టి ఉంచుతుంది.

సమితి అంటే అధ్యక్షులు కాక నలుగురు సభ్యులు. ఈ బెంచికి మొదటి తరగతి జ్యుడీషియల్ మెజిస్ట్రేట్‌కు ఉండే అధికారాలు ఉన్నాయి. మీ నాయిక అడిగితే ఇవ్వని కాగితాలను సమితి రాస్తే పోలీసులు ఇవ్వవలసి వస్తుంది. కనుక శవపరీక్ష నివేదిక కోసం ఆమెను మార్చురీ వెనక గుమ్మం దగ్గర డాక్టరును బతిమాలేలా చేయకండి. సమితి స్టేషన్ అధికారికి లేఖ రాస్తుంది, మొదటి లేఖకు జవాబు రాదు, రెండో లేఖను ఆమె స్వయంగా తీసుకెళ్లి, స్టేషన్ కాగితాలన్నీ రాసిపెట్టే రైటరు బల్ల ముందు కూర్చుంటుంది, సాయంత్రానికి జిరాక్సు కాగితాలు చేతికి వస్తాయి. నేను అలా కూర్చున్న రోజులు చాలా ఉన్నాయి. స్టేషన్‌లో అందరికంటే ఎక్కువ సంగతులు తెలిసిన మనిషి తరచుగా ఆ రైటరే. ఆయనకు నవలలో ఒక పాత్ర ఇవ్వండి.

ఆ నివేదిక వచ్చాక మీరు మరొక పొరపాటు చేయకుండా ఉండాలి. శవపరీక్ష అన్నిటికీ సమాధానం చెబుతుందని మన నవలలూ సినిమాలూ నేర్పాయి. పాప నీట మునిగి చనిపోయిందని డాక్టరు చెప్పగలరు. జారి పడిందా, ఎవరైనా తోశారా, పడ్డాక ఎవరైనా చూస్తూ ఊరుకున్నారా అన్నది ఊపిరితిత్తులు చెప్పవు. నీళ్లలోని డయాటమ్స్ అనే సూక్ష్మజీవులు ఎముక మజ్జలో కనబడితే బతికుండగా మునిగినట్లు అంటారు గానీ, శుద్ధి చేసిన మున్సిపల్ కుళాయి నీళ్లలో అవి చాలా తక్కువగా ఉంటాయి, కాబట్టి సంపు విషయంలో ఆ పరీక్ష ఏమీ తేల్చకపోవచ్చు. విస్రాను, అంటే లోపలి అవయవాల నమూనాలను, ప్రయోగశాలకు పంపిస్తే ఫలితం రావడానికి నెలలు పట్టవచ్చు. మీ పదిహేను రోజుల్లో అది రాదనే అనుకోండి. గాయాల రంగును బట్టి ఏ రోజు తగిలిందో లెక్క కట్టే పద్ధతి కూడా నమ్మదగినది కాదు.

శరీరం దాచుకునే సాక్ష్యం ఒకటుంది, అది ఎముకల్లో ఉంటుంది. 1962లో అమెరికాలో హెన్రీ కెంప్, ఆయన సహచరులు దెబ్బలు తిన్న బిడ్డల లక్షణాల గురించి రాసిన వ్యాసం వైద్యుల చూపును మార్చింది. ఒకే బిడ్డ శరీరంలో వేర్వేరు కాలాల్లో విరిగి, వేర్వేరు దశల్లో అతుక్కుంటున్న ఎముకలు ఎక్స్‌రేలో కనిపిస్తే, పెద్దలు చెప్పే ‘మంచం మీద నుంచి పడింది’ అన్న కథ దానికి సరిపోదు. అయితే చిన్న పట్నం ఆస్పత్రి మార్చురీలో బిడ్డకు ఒళ్లంతా ఎక్స్‌రే తీయడం సాధారణంగా జరగదు, ఎవరైనా అడిగితే తప్ప. మీ కథలో ఎవరూ అడగలేదు. ఇది గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ ఇక్కడికి వస్తాను.

మీ నాయిక అసలు బలం రిజిస్టర్లలో ఉంది. ఈ మాట వినడానికి చప్పగా ఉంటుంది గానీ, నేను చూసిన ప్రతి కేసులోనూ బిడ్డ కష్టం ముందుగానే ఎక్కడో ఒకచోట రాసి ఉంది. రాసిన మనుషులు వేరు వేరు కావడం వల్ల, ఆ ముక్కలను పక్కపక్కన పెట్టి చదివినవారు లేకపోవడం వల్ల అది ఎవరికీ కనిపించలేదు.

బడి హాజరు పట్టీ తీసుకోండి. ఒకటో తరగతి టీచరు ప్రతి ఉదయం ఆ పట్టీలో గుర్తు పెడుతుంది. ఒక బిడ్డకు జ్వరం వస్తే రెండు మూడు రోజులు గైర్హాజరు ఉంటుంది, పండగకు ఊరెళితే వారం ఉంటుంది. కానీ నెలకు ఒకసారి, వరుసగా ఐదారు రోజులు, మళ్లీ మామూలుగా రావడం, మళ్లీ ఐదారు రోజులు అన్న వరుస కనిపిస్తే, కమిలిన మచ్చలు తగ్గేదాకా ఇంట్లో ఉంచేస్తున్నారేమో అని నేను అనుమానిస్తాను. అనుమానమే, నిర్ధారణ కాదు. ఆ తేదీలను మీ నాయిక ఒక తెల్లకాగితం మీద నిలువుగా రాసుకోవాలి. దాని పక్కన తల్లి కువైట్ నుంచి డబ్బు పంపిన తేదీలు రాయాలి; అవి తల్లి ఫోన్‌లోనే ఉంటాయి. ఆ పక్కన ఏరియా ఆస్పత్రి ఓపీ చీటీల తేదీలు, వాటి మీద డాక్టరు ఒక్క ముక్కలో రాసిన కారణం. కాలి కమిలిన చేతికి ‘పాలు ఒలికాయి’ అన్న కారణం ఒక చీటీ మీద ఉండి, అదే వారంలో టీచరుతో ‘ఇస్త్రీ పెట్టె తగిలింది’ అని చెప్పి ఉంటే, ఎవరూ కేక వేయకుండానే మీ అధ్యాయం ముగుస్తుంది.

అంగన్‌వాడీ సంగతి ఇంకా మంచిది. పాప బడికి వెళ్లే ముందు మూడేళ్లు అంగన్‌వాడీలో ఉండి ఉంటుంది, నెల నెలా బరువు తూచి రాసి ఉంటారు, పెరుగుదల గీత ఆకుపచ్చలో ఉందో పసుపులోకి దిగిందో కనిపిస్తుంది. తల్లి విమానం ఎక్కిన నెల తర్వాత ఆ గీత కిందికి వంగితే అది ఎవరి సాక్ష్యమూ అక్కరలేని సాక్ష్యం. తమ్ముడు ఇంకా ఐదేళ్ల లోపు వాడు కాబట్టి, వాడి జబ్బకు రంగుల టేపు చుట్టి చూస్తారు. 11.5 సెంటీమీటర్ల లోపు వస్తే టేపు ఎరుపు చూపుతుంది, తీవ్రమైన పోషణ లోపం అని అర్థం. 12.5 దాకా పసుపు, ఆ పైన ఆకుపచ్చ. అదే ఇంట్లో పెరుగుతున్న పెద్దమ్మ పిల్లలు ఆకుపచ్చలో ఉండి వీడొక్కడు ఎరుపులో ఉంటే, ఆ ఇంట్లో అన్నం లేకపోవడం అసలు సంగతి కాదని తెలుస్తుంది. ఆ టేపు చుట్టే దృశ్యాన్ని తొందరపడకుండా రాయండి. కార్యకర్త రెండుసార్లు చుట్టి చూస్తుంది, మొదటిసారి తప్పు చూశానేమో అని.

సంపును కూడా మీరు సరిగా వాడుకోలేదు. మీ కథలో పాప సంపులో పడింది, అంతే. సంపుకు మూత ఉంటుంది, మూతకు బరువు ఉంటుంది. ఇనుప మూత అయితే ఆరేళ్ల బిడ్డ ఒక్కతే ఎత్తగలదా? మూత తీసి ఉంచినది ఎవరు, ఎందుకు? మీ పట్నంలో మున్సిపల్ నీళ్లు రోజు మార్చి రోజు వస్తాయని పెట్టుకుంటే, ఆ రోజు నీళ్లు వచ్చే రోజా కాదా అన్నది వాల్వు తిప్పే మనిషికి తెలుసు. ముందు రోజు వచ్చిన నీళ్లు ఒక రోజు వాడకం తర్వాత సంపులో ఎంత ఎత్తు మిగులుతాయో ఆ వీధిలో ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది. మోకాలి లోతు నీళ్లలో నిలబడగలిగిన బిడ్డ ఎలా మునిగింది? ఇవి పోలీసు ప్రశ్నలే, నిజమే, కానీ మీ నాయిక గృహ సందర్శనకు వెళ్లినప్పుడు ఆ ఇంట్లో చిన్నపిల్లవాడికి ప్రమాదం ఉందా లేదా అన్నది రాయాలి, కాబట్టి సంపు మూతను చేత్తో ఎత్తి చూడడం ఆమె పనే. 108కు ఫోన్ ఎవరు చేశారు, ఎన్ని గంటలకు చేశారు అన్నది కూడా నమోదై ఉంటుంది. అరుపు విని పరుగెత్తి వచ్చిన పొరుగింటామె చేసిందా, ఇంటి వాళ్లు చేశారా అన్న తేడా చాలా చెబుతుంది.

ఈ రిజిస్టర్ల మాట నా ఊహ కాదని చూపడానికి ఒక నిజ సంఘటన చెబుతాను. మన దేశానిది కాదు గానీ మీ కథకు చాలా దగ్గరది. విక్టోరియా క్లింబియే ఐవరీ కోస్ట్ అమ్మాయి. మంచి చదువు దొరుకుతుందని తల్లిదండ్రులు ఆమెను తండ్రి తరఫు బంధువు వెంట యూరప్ పంపారు. ఆ బంధువు ఆమెను వేరే పేరున్న పాస్‌పోర్టు మీద లండన్ తీసుకువచ్చింది, అక్కడి అధికారులకు ఆ బిడ్డ ఆనా అనే పేరుతోనే తెలుసు. 2000 ఫిబ్రవరి 25న ఎనిమిదేళ్ల వయసులో ఆమె చనిపోయింది. శరీరం మీద 128 గాయాలు లెక్కకు వచ్చాయి. బంధువుకూ ఆమె సహచరుడికీ హత్య నేరం కింద యావజ్జీవ శిక్ష పడింది. ఎవరు చంపారన్నది ఆ కేసులో రహస్యమే కాదు. ఆ తర్వాత లార్డ్ లేమింగ్ జరిపిన బహిరంగ విచారణ అడిగిన ప్రశ్న వేరు: ఎవరెవరికి తెలుసు, ఎప్పుడు తెలుసు? ఆ బిడ్డను కాపాడగలిగిన సందర్భాలు 12 వచ్చి పోయాయని 2003లో వెలువడిన నివేదిక చెప్పింది. మొదటి ఆస్పత్రిలో ఒక పెద్ద డాక్టరు ఆ మచ్చలు గజ్జి వల్ల వచ్చినవని తేల్చారు. ఆ ఒక్క మాట కాగితం మీదికి ఎక్కాక, తర్వాత వచ్చిన వాళ్లలో చాలామంది దాన్నే నమ్మారు. ఇంటికి వెళ్లి చూడవలసినవారు గజ్జి అంటుకుంటుందన్న భయంతో వెళ్లలేదు. మీ నవలలోనూ అలాంటి మాట ఒకటి పెట్టండి. ఎవరో మంచి మనిషి, అబద్ధం చెప్పే ఉద్దేశం లేకుండా, పని ఒత్తిడిలో రాసిన ఒక తప్పు మాట. దాని మీద మిగిలిన వాళ్లందరూ ఇల్లు కట్టుకున్నారు.

నేనూ అలాంటి మాట రాశాను. పేర్లూ ఊళ్లూ చెప్పను. అమ్మమ్మ చనిపోవడంతో మేనమామ ఇంటికి చేరిన ఎనిమిదేళ్ల పాప గురించి గృహ సందర్శనకు వెళ్లాను. ఇల్లు శుభ్రంగా ఉంది, నాకు మజ్జిగ ఇచ్చారు, పాప కొత్త గౌను వేసుకుని అత్త పక్కన నిలబడింది. ‘బాగున్నావా అమ్మా’ అంటే తల ఊపింది. నివేదికలో ‘ఇంటి వాతావరణం సంతృప్తికరంగా ఉన్నది’ అని రాసి వచ్చేశాను. గౌను కొత్తది కావడం, ఆ పూటే మడత విప్పిన గీతలు దాని మీద ఉండడం నా కళ్లకు కనిపించాయి గానీ నా బుద్ధికి అందలేదు. ఐదు నెలల తర్వాత ఆ పాప వీపు మీద వాతలు చూసి ఆయమ్మ ఒకావిడ పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేసింది. ఆ పాప బతికే ఉంది, ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. ఆ ఆయమ్మ ఫోన్ చేయకపోతే నా సంతకం ఉన్న ఆ కాగితమే ఎవరికో సాక్ష్యంగా మిగిలేది. అప్పటి నుంచి నేను ఏ బిడ్డతోనూ ఇంటి పెద్దల ఎదుట ప్రశ్న వేయలేదు. మీ నాయికకు కూడా ఇలాంటి పాత ఫైలు ఒకటి ఉంటే, ఈ కేసును ఆమె ఎందుకు వదలలేకపోతోందో మీరు విడిగా వివరించనక్కరలేదు.

తమ్ముడి మాటల దగ్గర మీరు చాలా జాగ్రత్తగా ఉండాలి. నాలుగేళ్ల బిడ్డ సాక్ష్యం చెప్పకూడదని చట్టం అనదు. ప్రశ్న అర్థమై, అర్థమయ్యేలా జవాబు చెప్పగలిగితే చాలు. కానీ ఆ వయసు బిడ్డకు గంటలూ వారాలూ ఉండవు. ‘ఎప్పుడు’ అని అడిగితే ‘నిన్న’ అంటాడు, వాడికి గడిచినదంతా నిన్నే. ‘అన్నం తిన్నాకా, తినక ముందా’ అని అడిగితే చెబుతాడు. ‘పెద్దమ్మ కొట్టిందా’ అని ఒక్కసారి అడిగితే చాలు, ఆ మాట మీరే వాడి నోట్లో పెట్టినట్లవుతుంది, కోర్టులో ఎదుటి వకీలు దాన్నే పట్టుకుంటారు. ‘ఆ రోజు ఏమైంది నాన్నా’ అని అడిగి ఊరుకోవాలి. పక్కన మట్టి బొమ్మలు, గిన్నెలు ఉంటే వాడు వాటితో ఆడుకుంటూ మాట్లాడతాడు, మాట మధ్యలో ఆగిపోతాడు, మీ నాయిక ఆ నిశ్శబ్దాన్ని నింపకూడదు. నేను చూసిన ఒక పిల్లవాడు శిశు గృహలో రోజూ తన పళ్లెంలో సగం అన్నం పక్కకు తీసి పెట్టేవాడు. ఎవరికని ఎవరూ అడగలేదు. మూడో రోజున తానే, ‘ఆమెకు పెడితే కొడతారు, అందుకే దాచిపెట్టా’ అన్నాడు. ఆ వాక్యం చెప్పించడానికి ఎవరూ ఏమీ అడగలేదు. అడగకపోవడం వల్లనే దానికి విలువ వచ్చింది. వాడు చెప్పినది చెప్పినట్లు, వాడి మాటల్లోనే, తేదీ వేసి ఆమె రాసుకోవాలి. మన ప్రామాణిక భాషలోకి మార్చి రాయకూడదు.

పెద్దమ్మ ఒప్పుకోలు గురించి కూడా ఒక మాట. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదని చాలామందికి తెలుసు. సోషల్ వర్కర్ ముందు, పోలీసు కస్టడీలో లేనప్పుడు, ఎవరూ బలవంతం చేయకుండా చెప్పిన మాట చెల్లవచ్చు, బలహీనమైన సాక్ష్యమే అయినా. అలా చెప్పిన క్షణం నుంచి మీ నాయిక సాక్షి అవుతుంది. ఆమె డైరీ కోర్టుకు వస్తుంది, ఆమె సందర్శనల తేదీలు, ఆమె పాత నివేదికలు, ఆ పాత తప్పు కూడా బోనులో బయటికి వస్తాయి. మీరు చివర్లో పెట్టుకున్న ఆ ఒప్పుకోలు దృశ్యాన్ని నవల మధ్యకు జరిపితే, మిగిలిన సగం దాని మూల్యం చెల్లించడంతో నడుస్తుంది.

ఇప్పుడు ఆ ఎముకల దగ్గరకు వద్దాం. మన వైపు చాలా ఇళ్లల్లో పసిపిల్లలను కాల్చరు, పూడ్చిపెడతారు. మీ కథలో పాపను ఏం చేశారో మీరు రాయలేదు. పూడ్చారని రాయండి, అప్పుడు దారి మూసుకుపోదు. నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 196 కింద ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్, అంటే మన జిల్లాల్లో తహసీల్దారో ఆర్డీవోనో, పూడ్చిన శవాన్ని వెలికితీయించి పరీక్ష చేయించవచ్చు. ఆ విచారణకు వీలైన చోట తల్లిదండ్రులకు కబురు చేయాలి, వారిని హాజరు కానివ్వాలి. ఆ ఉదయం ఎలా ఉంటుందో చెబుతాను. సూర్యుడు ఎక్కకముందే మొదలుపెడతారు. ఏ గుంటో చూపించే మనిషి ఒకరు ఉండాలి, అతని మాట రాసుకుంటారు. పార కొంత లోతుకు వెళ్లాక పక్కన పెట్టి చేతులతో మట్టి తీస్తారు. బిడ్డను చుట్టిన గుడ్డ రంగు మారి ఉంటుంది గానీ ఏ గుడ్డో గుర్తు పట్టవచ్చు. తల్లి పంపిన గౌనా, పాత చీర ముక్కా అన్నది అక్కడ నిలబడిన వాళ్లందరికీ తెలుస్తుంది. డాక్టర్లు గుడారం కింద పని చేస్తారు. మాంసం పోయినా పక్కటెముకల మీద అతుకు పడిన గుర్తులు మిగులుతాయి. ఆ అతుకు ఎన్ని వారాల నాటిదో నిపుణులు స్థూలంగా చెప్పగలరు, అప్పుడు ఆ తేదీ మీ నాయిక తెల్లకాగితం మీది హాజరు పట్టీ గైర్హాజరుతో, ఓపీ చీటీతో ఒకే వరుసలోకి వస్తుంది.

తల్లిని మీరు ఫోన్‌లో ఏడ్చే గొంతుగా మాత్రమే ఉంచారు, అది ఆమెకు అన్యాయం. కువైట్ ఇళ్లల్లో పనిచేసే చాలామంది పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంటుంది. ఆమె బయలుదేరడానికే రోజులు పడుతుంది, ఈలోగా బిడ్డను పూడ్చడం వీడియో కాల్‌లో చూస్తుంది. ఆమెను తీసుకురావడానికి రాయబార కార్యాలయం, రాష్ట్రంలో ప్రవాసాంధ్రుల కోసం పనిచేసే ఏపీ ఎన్ఆర్టీ సొసైటీ వంటి దారులు ఉన్నాయి. ఆమె వచ్చాక సమితి ముందు కూర్చుని కొడుకును అడుగుతుంది. ఇవ్వాలా? అప్పు తీరక మళ్లీ కువైట్ వెళ్తే వాణ్ని ఎక్కడ ఉంచుతుంది? నా దృష్టిలో మీ నవలలో అన్నిటికంటే కష్టమైన అధ్యాయం ఇదే, మీరు దీన్ని రాయనే లేదు.

కొన్ని చిన్న దిద్దుబాట్లు. మీ పాత్రికేయుడు పాప పేరూ ఫోటో పత్రికలో వేశాడు. బాలల న్యాయ చట్టం సెక్షన్ 74 ప్రకారం ఇలాంటి కేసుల్లో బాధిత బాలల గుర్తింపు బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మీ నాయిక తన నివేదికను అతనికి వాట్సాప్‌లో పంపుతుంది. సమితి పరిశీలించే నివేదికలు గోప్యమైనవి, ఆ పనితో ఆమె తన కేసును తానే పాడు చేసుకున్నట్లు. పాత్రికేయుడు కావాలంటే ఉంచండి, కానీ అతనికి కాగితం ఆ స్టేషన్ రైటరు ద్వారా చేరనివ్వండి. 1098కి వచ్చే ఫోన్లు చూసేది ఇప్పుడు స్వచ్ఛంద సంస్థలు కావు, 2023 నుంచి ఆ సేవను ప్రభుత్వమే తీసుకుంది, కనుక మూడో అధ్యాయంలోని ఆ ఫోన్ సంభాషణను మార్చండి.

ఆమెను బెదిరించడానికి మీరు రౌడీలను పంపారు, రాత్రి రోడ్డు మీద మోటారు సైకిలు అడ్డం పెట్టించారు. అది అక్కరలేదు. జిల్లా విభాగంలో సోషల్ వర్కర్ సాధారణంగా ఒప్పంద ఉద్యోగి. ఏడాదికోసారి ఒప్పందం పొడిగించాలి, పనితీరు మీద పై అధికారి ఒక వాక్యం రాయాలి. పెద్దమ్మ భర్త ఊళ్లో నలుగురికీ కావలసినవాడైతే ఎవరూ ఎవరినీ కొట్టరు. మార్చి నెలలో ఒక మధ్యాహ్నం, అందరి కాగితాలూ సంతకమై వచ్చిన కట్టలో ఆమె కాగితం ఒక్కటి ఉండదు. ఆమె వెళ్లి అడిగితే, ‘పరిశీలనలో ఉందమ్మా, ఆ పిల్లవాడి రిపోర్టు ఎప్పుడు ఇస్తున్నారు’ అని అడుగుతారు. ఆ రోజు పద్నాలుగో రోజు అయ్యేలా తేదీలు సరిచూసుకోండి.